చలి తిన్న దుంపలు

జనవరి 9

వదినగారికి నమస్కారం.

ఈ చేతిరాత ఎవరిదో పోల్చుకోవడానికి మీకు కాస్త సమయం పట్టి ఉంటుంది. మీ చెల్లెలి భర్తని. మేమిద్దరం ఇక్కడ బాగానే ఉన్నాం. మీ మోకాలి నొప్పి ఎలా ఉంది? మీ బస్తాలు మా కోల్డ్ స్టోరేజీకి తెచ్చే లారీ డ్రైవరు దింపుడయ్యేలోగా మీ సంగతులు నాలుగు చెబుతాడు. మోకాలి సంగతి కూడా ఆయన చెప్పిందే. నేను వింటాను, ఊరుకుంటాను. ఇంటికి మోసుకెళ్ళను. మీ ఇద్దరి మధ్యా ఉన్నది మీకు తెలుసు, నేను కొత్తగా రాయక్కర్లేదు.

ఇప్పుడు రాయడానికి కారణం చిన్నది. నవ్వకండి. మీ ఇంట్లో రాత్రి భోజనంలోకి బంగాళాదుంపలు కాల్చేవారట కదా, పైన కరకరలాడుతూ, లోపల పిండిలా. అవి ఎలా చేయాలో రాయగలరా?

ఇన్నేళ్ళూ మా ఇంట్లో దుంప వండలేదు. పగలంతా దుంపల మధ్యే ఉంటాను కాబట్టి నాకు మొహం మొత్తిందేమోనని వండట్లేదనుకున్నాను. మొన్న మీ చెల్లెలు ఉన్నట్టుండి "మా ఇంటి దుంపలు తినాలని ఉంది" అంది. ఎలా చేయాలో చెప్పు, నేను చేస్తానన్నాను. "మీకు రాదులెండి" అని అటు తిరిగింది. అందుకని తనకి తెలియకుండా మీకు రాస్తున్నాను. జవాబు స్టోరేజీ అడ్రసుకి రాయండి, ఇంటికి వద్దు.

నాకు వంట రాదు. గదుల్లో చలి ఎంతుందో గంటగంటకీ చూసి పలక మీద రాసే పని నాది. కాబట్టి చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పండి.

ఇట్లు,
మీ మరిది


జనవరి 17

మరిదిగారికి,

మీ ఉత్తరం అందింది. కవరు మీద స్టోరేజీ ముద్ర చూసి బస్తాలేవో కుళ్ళాయని రాశారనుకున్నాను. విప్పి చూస్తే దుంపలు కాల్చడం ఎలా అని. పదకొండేళ్ళకి మీ ఇంటికి నేను గుర్తొచ్చిన సందర్భం ఇది. సరే, నవ్వొద్దన్నారు కాబట్టి నవ్వలేదు.

రాస్తున్నాను, జాగ్రత్తగా చదవండి. అన్నీ ఒకే సైజువి ఏరండి. తొక్క తీసి, పెద్దదైతే నాలుగు ముక్కలు, చిన్నదైతే రెండు. ఏటవాలుగా కోయండి, అంచులు ఎక్కువొస్తాయి. రుచంతా అంచుల్లోనే ఉంటుంది. ఉప్పు వేసిన నీళ్ళలో ఉడకబెట్టండి. కత్తి మొన గుచ్చితే బయట దిగాలి, నడుమ ఆగాలి. అప్పుడు నీళ్ళు వంచేసి గిన్నె అలాగే వదిలేయండి. ఆవిరంతా పోవాలి. తడి ఉంటే కాలదు, ఉడుకుతుంది. తర్వాత మూత పెట్టి గిన్నెని రెండు చేతులా పట్టుకుని బాగా కుదపండి. అంచులు చెదిరి నూగు నూగుగా అవుతాయి. చెదిరిపోతున్నాయని భయపడకండి, చెదరాలనే కుదిపేది.

ఈలోగా ఇనుప మూకుడులో నూనె కాగుతూ ఉండాలి. ముక్క వేస్తే అరవాలి. అరవకపోతే తీసేసి ఆగండి. ఒకదాన్నొకటి తగలకుండా పేర్చి, మూత పెట్టి, మూత మీద నిప్పులు పోయండి. తర్వాత వాటి జోలికి వెళ్ళకండి. మగవాళ్ళు గరిటె పట్టుకుంటే ఊరుకోరు, కెలుకుతూనే ఉంటారు. అడుగు గట్టిపడ్డాక ఒక్కసారి తిప్పితే చాలు. ఉప్పు దించాకే.

ఇదంతా అది నా పక్కన నిలబడి వందసార్లు చేసింది. కుదిపే పని దానిదే. నేను కుదిపితే పిండవుతాయని నా చేతిలోంచి గిన్నె లాక్కునేది. ఇప్పుడు దానికి రాకపోవడమేమిటి? మిమ్మల్ని పొయ్యి దగ్గర నిలబెట్టి తను కుట్టుమిషను దగ్గర కూర్చుందన్నమాట. మంచిదే. మా ఇంట్లో చిన్నదానికి పని చెప్పే అలవాటు మొదటినుంచీ లేదు.

ఇంకో మాట. దానికి కావాలంటే దాన్నే రాయమనండి. నేనేమీ పులిని కాను.

ఇక్కడ చలి. వెనక గది కప్పు కారుతోంది. గిన్నె పెట్టాను, రోజంతా టిక్కు టిక్కుమంటోంది.

వదిన


జనవరి 25

వదినగారికి నమస్కారం.

మీరు రాసినట్టే చేశాను. అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప. మాది కిరసనాయిలు స్టవ్వు, మూత మీద పోయడానికి నిప్పులెక్కడివి? మా వీధి చివర రొట్టెల బట్టీ ఉంది. సాయంత్రం రొట్టెలు తీసేశాక కూడా బట్టీ వేడిగానే ఉంటుంది. మూకుడు గుడ్డలో చుట్టుకుని అక్కడికి పట్టుకెళ్ళాను. రొట్టెలాయన మూత తీసి చూశాడు. "ఇదేంటి సారూ, రోజంతా దుంపల్ని చలిలో పెట్టేది మీరే, మళ్ళీ నిప్పులో పెట్టేదీ మీరేనా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అరగంటకి తీసి చూస్తే నల్లగా ఉన్నాయి. మాడలేదు వదినా, మాడేంత సేపు ఉంచలేదు. పావుగంటకే రంగు మారడం మొదలెట్టాయని ఆయనే అన్నాడు. లోపల ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

నల్లటి పొర తీసేసి పెట్టాను. మీ చెల్లెలు ఒక ముక్క నోట్లో పెట్టుకుని చాలాసేపు అలాగే ఉంచింది. తర్వాత "తియ్యగా ఉన్నాయి" అని పళ్ళెం పక్కన పెట్టేసింది.

ఎక్కడ తప్పు చేశానో చెప్పండి. నూనా, ఉప్పా, బట్టీనా? కొంచెం తొందరగా జవాబు రాస్తే మేలు.

రాయమని తనకి చెప్పలేను, మీకు రాస్తున్నట్టు తనకి తెలియదు. పైగా కుట్టుపని బాగా ఉంది. పెళ్ళివారి బట్టలు ఒప్పుకుంది, తలెత్తే తీరిక లేదు.

మీ మరిది


ఫిబ్రవరి 1

మరిదిగారికి,

తియ్యగా ఉన్నాయని అది నన్ను ఎత్తిపొడవడానికే అందని ముందు అనుకున్నాను. నా చేతి వంటకి తీపి ఎక్కువైందని అది ఎప్పుడూ వంక పెట్టేది. కాగితం మడిచి మూడు రోజులు అటక మీద పడేశాను.

తర్వాత నిన్న రాత్రి అన్నం తింటుంటే తట్టింది. ఆ దుంపలు ఎక్కడివి? మీ స్టోరేజీవే కదా? ఇరవై ఏళ్ళుగా ఆ గదుల్లో తిరుగుతున్నారు, ఈ మాత్రం తెలియదా మీకు? చలి తిన్న దుంప తియ్యబడుతుంది. దానిలో ఉన్న పిండి చక్కెరవుతుంది. నిప్పు తగలగానే చక్కెర నల్లబడుతుంది, లోపల ఉడికే దాకా ఆగదు. మీ తప్పూ కాదు, రొట్టెలాయన తప్పూ కాదు.

ఈ కాలంలో బజారులో కొన్నా అంతే, అన్నీ మీ దగ్గర్నుంచి వెళ్ళినవే. మా ఇంట్లోనూ లేవు. పంటంతా మీకే పంపాం, ఇసకలో పెట్టిన విత్తనం తప్ప. విత్తనం వండుకోవడం అంటే వచ్చే ఏడాది కూడు ఇప్పుడే తినడం.

దీనికి మందు ఒకటే. దుంపల్ని గోనె పట్టా మీద ఒకదాని పక్కన ఒకటి పరచండి. వెచ్చగా ఉండే గదిలో, వెలుతురు పడకుండా. మూడు వారాలు. తీపి దానంతట అదే తిరిగి పిండవుతుంది. అంతకంటే తొందరపడితే ఇప్పుడు తిన్నదే మళ్ళీ తింటారు. మూడు వారాలు ఏముంది, పెళ్ళి బట్టలు కుట్టడం అయ్యేసరికి అయిపోతాయి.

ఎలాగూ రాస్తున్నాను కాబట్టి ఇదీ రాస్తాను. అమ్మ జబ్బు నేను దాచానని అది మీతో చెప్పే ఉంటుంది. దాచాను. అమ్మ దాచమంది. "అది ఇప్పుడిప్పుడే కుట్టు షాపు తెరిచింది, మూసుకుని వచ్చి నా మంచం దగ్గర కూర్చుంటుంది, చెప్పకు" అని నా చేత ఒట్టు పెట్టించుకుంది. అమ్మ పోయి అన్నీ అయిపోయాక వచ్చి అది నన్ను గుమ్మంలో నిలబెట్టి అడిగింది. ఏం చెప్పను? ముందు నుయ్యి, వెనక గొయ్యి. మాట ఇచ్చాను, నిలబెట్టుకున్నాను. ఇప్పుడడిగినా అదే చెబుతాను.

కప్పుకి రేకు వేయించాను. గిన్నె చప్పుడు లేకపోయేసరికి ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది.

వదిన


ఫిబ్రవరి 6

వదినగారికి నమస్కారం.

సిగ్గుగా ఉంది. ఇన్నేళ్ళలో దుంప కుళ్ళిందా, మొలకెత్తిందా, బరువు తగ్గిందా అని చూశానే తప్ప, ఎలా ఉంటుందో నోట్లో పెట్టుకుని చూడలేదు. మీ ఉత్తరం తీసుకోవడానికి వెళ్ళినప్పుడు మా సూపర్వైజరుకి చెబితే "మనం దాచేవాళ్ళం గానీ తినేవాళ్ళమా" అన్నాడు.

మీరు చెప్పినట్టు పరిచాను. మా ఇంట్లో వెచ్చగా ఉండేది ఒకటే గది, మీ చెల్లెలు పడుకునేది. తనకి చలి ఎక్కువగా ఉంటోందని కిటికీలు మూసి కొత్తగా కుంపటి తెచ్చి పెడుతున్నాను. వెలుతురు పడని చోటంటే మంచం కిందే. గోనె పరిచి నలభై దుంపలు పేర్చాను. నేను కింద దూరి పేరుస్తుంటే పైనుంచి "ఏంటండీ, నన్ను పాతరేసే ముందు దుంపల్ని పాతరేస్తున్నారా?" అంది. మట్టి వాసన వస్తోందట. ఆ వాసనకి నిద్ర బాగా పట్టిందని పొద్దున చెప్పింది.

ఒక్క సంగతి అడుగుతాను, కోప్పడకండి. మూడు వారాలు ఉండాల్సిందేనా? వారం చాలదా? పోనీ పది రోజులు? గది ఇంకా వేడి చేస్తే తొందరగా అవుతుందా? కుంపటి రెండోది కూడా పెట్టగలను. నేను సెలవు పెట్టాను, పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటున్నాను కాబట్టి చూసుకోవడం కష్టం కాదు.

అమ్మగారి సంగతి మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఒకటి అడగాలనుంది. ఆ రోజుల్లో ఒక్కసారైనా చెల్లెలికి రాద్దామని మీకు అనిపించిందా? రాసి చించేశారా? ఇబ్బందైతే జవాబు రాయక్కర్లేదు.

మీ మరిది


ఫిబ్రవరి 12

మరిదిగారికి,

దుంపకి మీ తొందర తెలియదు. నిప్పు పెంచితే మొలకలొస్తాయి, తీపి పోదు.

దుంపల సంగతి అటుంచండి. మొన్న లారీ డ్రైవరు వచ్చాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, మీకూ తెలుసు. మీరు నెల రోజులుగా పనిలోకి రావట్లేదన్నాడు. మీరు రాసినట్టు మొన్న పెట్టిన సెలవు కాదు, నెల. మీ వీధిలో లారీ ఆపి చూశాడట, టైలరు బోర్డు దించేసి గోడకి ఆనించి ఉందట. తలుపులు, కిటికీలు వేసే ఉన్నాయట. మీరు గడ్డం పెంచుకుని మూకుడు చంకలో పెట్టుకుని రొట్టెల బట్టీ వైపు పోతున్నారట. పిలిస్తే పలకలేదట.

మరి పెళ్ళి బట్టలు ఎవరు కుడుతున్నారు? బోర్డు దించేసిన షాపులో?

మీ ఉత్తరాలన్నీ ముందేసుకుని మళ్ళీ చదివాను. ఒక్కదాంట్లోనూ దాని చేతి రాత ముక్క లేదు. ఉత్తరాలు ఇంటికి రాయొద్దంటారు. మంచం మీద ఉందంటారు, మిషను మీద ఉందంటారు. నాకు అమ్మ సంగతి గుచ్చి గుచ్చి అడుగుతారు, రాసి చించేశారా అని. నాకేమనిపిస్తోందో సూటిగా రాస్తున్నాను. నా చెల్లెలు ఆ ఇంట్లో లేదు. మీరిద్దరూ పోట్లాడుకుని అది వెళ్ళిపోయైనా ఉండాలి, మీరు పొమ్మనైనా ఉండాలి. ఇప్పుడు దాన్ని వెనక్కి రప్పించడానికి నా దుంపలు కావాల్సి వచ్చాయి. నాతో మాట్లాడకపోయినా అది నా తోడబుట్టింది. నడివీధిలో నిలబెడితే చూస్తూ ఊరుకోను.

అది ఉంటే దాని చేత్తో ఒక్క లైను రాయించండి. తిట్టినా సరే. లేకపోతే నేను బయల్దేరి వచ్చి ఆ తలుపు నేనే కొడతాను.

దాని అక్క


ఫిబ్రవరి 15

వదినకి,

ఇది డ్రైవరు చేతికే ఇచ్చి పంపుతున్నాను, పోస్టుకైతే మూడు నాలుగు రోజులు పడుతుంది.

మీ చెల్లెలు ఇంట్లోనే ఉంది. లైను రాయించమన్నారు, తను పెన్ను పట్టుకునే స్థితిలో లేదు. పది రోజులుగా గ్లాసు కూడా పట్టుకోవట్లేదు.

అక్టోబరులో కడుపునొప్పి అంది. బట్టలు వంగి కుట్టీ కుట్టీ వచ్చిందనుకున్నాం. నవంబరులో పెద్దాసుపత్రిలో కోసి చూసి మళ్ళీ కుట్టేశారు. తీయడానికి వీల్లేదన్నారు. డిసెంబరు ఆఖరున ఇంటికి తీసుకెళ్ళి ఏది అడిగితే అది పెట్టమన్నారు. ఏదీ అడగలేదు. గంజి కూడా రెండు చెంచాలు. జనవరి మొదటి వారంలో ఆ ఒక్కటి అడిగింది. అందుకే మీకు రాశాను.

మొదటి ఉత్తరంలో ఇద్దరం బాగానే ఉన్నామని రాశాను. అందరూ మొదట రాసేది అదే కదా, చెయ్యి దానంతట అది రాసేసింది. తర్వాత దాన్ని నిలబెట్టడానికి పెళ్ళి బట్టలు అన్నాను, చలి అన్నాను.

మీకు చెప్పనని తన తల మీద నా చెయ్యి పెట్టించుకుంది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే. ఎందుకని అడిగాను. పగా అన్నాను. "పగా పాడా! అక్కకి తెలిస్తే వస్తుంది. వస్తే ఏడుస్తుంది. దాన్ని నేను ఓదార్చాలి. నాకు ఓపిక లేదు" అంది. కొంచెం ఆగి, "వచ్చి మళ్ళీ ఏదో ఒకటి కల్పించి చెబుతుంది" అంది. ఆ మాట నాకు అర్థం కాలేదు.

మీరు మూడు వారాలు అని రాసిన ఉత్తరం అందిన రోజున డాక్టరు వచ్చి వెళ్ళాడు. మెట్ల మీద అడిగాను. వారాల్లో లెక్క పెట్టుకోవద్దన్నాడు. అందుకే పది రోజులు చాలవా అని అడిగాను. అమ్మగారి సంగతి అడిగింది కూడా మిమ్మల్ని గుచ్చడానికి కాదు. ఇలాంటి మాట ఇచ్చినవాళ్ళలో నాకు తెలిసింది మీరొక్కరే.

మీరు మాట నిలబెట్టుకున్నారు. నేను నిలబెట్టుకోలేకపోయాను. రండి.

మీ మరిది


ఫిబ్రవరి 16

మరిదిగారికి,

ఇదే లారీలో ఈ చీటీ వస్తుంది. లారీలో చోటు లేదు, ముందు సీట్లో ఇద్దరు మనుషులున్నారు. నేను రేపు పొద్దున బస్సుకి వస్తున్నాను.

మంచం కింద వాటిని ముట్టుకోకండి. విత్తనంలోంచి ఒక బుట్టెడు ఏరాను. వాటికి చలి తగల్లేదు.

నేను వస్తున్నట్టు దానికి చెప్పకండి. చెబితే వద్దంటుంది.

వదిన


మార్చి 8

వదినగారికి,

మీరు క్షేమంగా చేరారని డ్రైవరు చెప్పాడు. ఈసారి ఆయన ఇంకేమీ చెప్పలేదు, బస్తాలు దింపించుకుని వెళ్ళిపోయాడు.

తను పోయాక మళ్ళీ పనిలోకి వెళ్తున్నాను. పలక మీద రాస్తున్నాను. నిన్న ఒక గదిలో రెండు డిగ్రీలు పెరిగితే చూసి కూడా పాత అంకే రాశానట, సూపర్వైజరు దిద్దాడు. ఇంట్లో కుట్టకుండా ఉండిపోయిన బట్టలు పదమూడు ఉన్నాయి. మనుషులు వచ్చి తీసుకెళ్తున్నారు. ఒక్కొక్క దానికీ గుండుసూదితో కాగితం గుచ్చి కొలతలు రాసి పెట్టింది. ఒకావిడ కాగితం తీసి నాకిచ్చేసి బట్ట పట్టుకెళ్ళింది. ఆ కాగితం ఏం చేయాలో తెలియలేదు.

మిమ్మల్ని ఒకటి అడగాలి. మీరిక్కడ ఉన్న ఆరు రోజుల్లో అడగలేకపోయాను.

మీరు లోపలికి వెళ్ళినప్పుడు నేను గుమ్మంలోనే ఉన్నాను. మిమ్మల్ని చూసింది, తర్వాత మీ భుజం మీదుగా నన్ను చూసింది. అంతే. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. మీరు చూశారు. నీళ్ళు పట్టుకెళ్తే తాగేది, కళ్ళు తెరిచేది కాదు. పక్క సర్దుతుంటే గోడ వైపు తిరిగేది. మీతో మాత్రం మాట్లాడింది. తలుపు వేసి ఉన్నా వినపడేది, మాటలు కాదు, గొంతు. రెండో రోజు నవ్వు కూడా వినిపించింది. మూడు ముక్కలు తిన్నదని మీరొచ్చి చెబితే, నేను వెనక మెట్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. సంతోషమే. కానీ ఆ నవ్వు విని పదిహేను రోజులు దాటినా ఇంకా నాకు అదే వినపడుతోంది, నేను బయట ఉన్నట్టు.

నేను ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన మాట నిజమే. తప్పో ఒప్పో ఇప్పుడు తేలేది కాదు. నన్ను తిట్టినా నాకు ఫరవాలేదు. తను నా గురించి మీతో ఏమంది? ఏదో ఒకటి అనే ఉంటుంది. ఆరు రోజులు. ఏమన్నదో ఉన్నదున్నట్టు రాయండి.

మీ మరిది


మార్చి 15

మరిదిగారికి,

మీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. ప్రతి సాయంత్రం కాగితం ముందు కూర్చుని లేచిపోయాను. ఈ వారం విత్తనం దుంపలు నాటాం. నడుము పడిపోయింది, అయినా రాయకపోవడానికి అది కారణం కాదు.

మా ఇద్దరికీ చెడింది మీరనుకుంటున్న దాని వల్ల కాదు. నేనూ మీకు సగమే రాశాను. అమ్మ జబ్బు దాచానని అది నన్ను తిట్టింది, ఏడ్చింది, కానీ మర్నాటికి మెత్తబడేది. నేనే ఊరుకోలేకపోయాను. దాని మొహం చూడలేక, "అమ్మ చివరిదాకా నీ పేరే తలుచుకుంది, చిన్నదేది, చిన్నదేది అంది" అని చెప్పాను. అది అబద్ధం. అమ్మకి ఆఖరి పన్నెండు రోజులూ మాట లేదు. అంతకుముందు కూడా ఎవరినీ తలుచుకోలేదు, నొప్పి తప్ప దేన్నీ తలుచుకోలేదు. సూదులేసే కాంపౌండరు బయట దానితో ఆ మాట చెప్పేశాడు, పాపం పన్నెండు రోజులు మూగగా ఉంది అని.

అది లోపలికొచ్చి, "అక్కా, అమ్మ నా పేరు తలుచుకుందా?" అని మళ్ళీ అడిగింది. తలుచుకుందన్నాను. ఒట్టేయమంది. ఒట్టేశాను. సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని పదకొండేళ్ళు కూర్చున్నాను.

మీ ఇంట్లో రెండో రోజు, ముక్క చల్లార్చి నోటికి అందిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి అడిగింది. "ఇప్పుడైనా చెప్పు. అమ్మ నన్ను తలుచుకుందా?" లేదన్నాను. "ఒక్కసారి కూడా?" ఒక్కసారి కూడా లేదన్నాను. అప్పుడు నవ్వింది. మీకు వినపడింది ఆ నవ్వు. "చూశావా, చచ్చిపోలేదు నేను ఆ మాటకి" అంది. తర్వాత ఆ ముక్క, ఇంకో రెండు తింది.

అందుకని మీకు కావలసిన మాట కల్పించి రాయడం నా వల్ల కాదు. రాయగలను. ఈ నాలుగు రోజుల్లో రెండుసార్లు రాసి పొయ్యిలో వేశాను. చదువుకోవడానికి బాగానే ఉన్నాయి.

మీరు చెప్పబట్టి దాన్ని చూశాను. చెప్పకపోయి ఉంటే మిమ్మల్ని నేను గుమ్మం తొక్కనిచ్చేదాన్ని కాదు. అది నా మాట. దాని మాట కాదు.

అది మీ గురించి ఏమీ అనలేదు. నేను రెండుసార్లు అడిగాను. మొదటిసారి, "ఆయన మీద కోపమా" అంటే కళ్ళు మూసుకుంది. నాలుగో రోజు సాయంత్రం మళ్ళీ అడిగాను. మీరు అప్పుడు వరండాలో చెప్పులు విప్పుతున్నారు. దాని వీపు నా వైపే ఉంది, మొహం కనపడలేదు. "అక్కా, పొయ్యి మీద మాడుతున్నట్టుంది, చూడు" అంది.

వెళ్ళి చూశాను. మాడలేదు. పొయ్యి మీద ఏమీ లేదు.

వదిన